సున్నుండ నారింజ, మేకు నీలం

ఒకప్పుడు, పిల్లలూ, ఎక్స్‌రే కిరణానికి రంగులే లేవు. ఏ సంచిలో దూరినా అన్నిటినీ మసిబొగ్గులా చూపించేది. బూరెకీ బాంబుకీ తేడా తెలిసేది కాదు. నాకెలా తెలుసంటారా? ఆ రోజు విమానాల దగ్గర సంచులు తనిఖీ చేసే వరసలో మా ఊరి సూరాయమ్మ మామ్మ వెనక నిలబడింది ఎవరనుకున్నారు, నేనే! నవ్వకండి, వినండి.

మామ్మ మనవరాలు బొంబాయిలో ఉంటది. ఏడో నెల. "మామ్మా, నీ చేతి సున్నుండలు తినాలనుందే" అందట. ఇంకేముంది, మామ్మ డబ్బానిండా చుట్టేసింది. తినే సరుకు ఊరు దాటితే దిష్టి తగులుద్దని పై ఉండలో ఓ ఇనప మేకు గుచ్చింది. మనోళ్ళంతా చేసేదే కదా!

డబ్బా ఉన్న సంచి ఎక్స్‌రే మిషన్లోకెళ్ళింది. తెరమీద నల్లటి గుండ్లు, నెత్తిన వత్తిలా మేకు!

"బాంబులు!" అని కాపలా జగ్గారావు అరిచిన అరుపుకి బయట విమానం తోక ముడిచింది. ఒట్టు, ఈ కళ్ళతో చూశా.

"బాంబులేంట్రా నీ మొహం! మినప్పిండీ బెల్లమూ నెయ్యీ!"

"నాకు కనపడొద్దా మామ్మా? డబ్బా గోతిలో పూడ్చేయాల్సిందే."

"కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగిందిరా!" మామ్మ మిషన్‌కి అడ్డంగా నిలబడింది.

లోపల కిరణం సిగ్గుతో ముడుచుకుంది. సున్నుండ ఊరుకుంటదా?

"ఏయ్! బెల్లానికీ ఇనుముకీ తేడా చెప్పలేవా?"

"పరుగు మీదుంటా కదక్కా, ఏదీ ఒంటికి అంటదు."

"అయితే ఈసారి నాలోంచి ఒళ్ళు రాసుకుంటూ పో."

కిరణం మెల్లగా దూరింది. బెల్లమూ నెయ్యీ ఒళ్ళంతా పూసుకుని నారింజ రంగులో బయటపడింది. అదే ఊపులో మేకు మీదికెళ్ళింది.

"ఇటు దారి లేదు, ఫో!" అని మేకు ఒక్కటిచ్చుకుంది. పాపం, కిరణం నుదురు బొప్పికట్టి నీలంగా కమిలిపోయింది.

తెరమీద నారింజ ఉండలు, నీలం మేకు! జగ్గారావు నోరెళ్ళబెట్టాడు.

"ఉండలు బెల్లం రంగే, తినేవే మామ్మా! మరి ఈ మేకేంటి?"

"దిష్టికిరా. ఇదిగో, నీలాంటోళ్ళ దిష్టికే!"

మేకు వాడి చేతిలో పెట్టేసి, డబ్బా చంకన పెట్టుకుని, మామ్మ విమానమెక్కేసింది.

అప్పటినుంచే ఆ కిరణం తినేవాటిలోంచి వస్తే బెల్లం పూసుకుని నారింజగా వస్తది, ఇనుము తగిలితే ఇప్పటికీ నీలంగా కమిలిపోతది.