నీళ్లు పోయించుకోని ఉడుకులమ్మ

కృష్ణ ఒడ్డున పుట్లరేవు గ్రామం దాటి ఇసుకలో కొంత దూరం నడిస్తే ఉడుకులమ్మ గుడి కనిపిస్తుంది. గోపురం లేదు, ప్రాకారం లేదు. నాపరాళ్లు పరిచిన చిన్న మండపం, నడుమ ఒక నల్లరాయి, ఆ రాయిలో తెరిచిన నోరులాంటి చీలిక. అదే అమ్మవారి స్వరూపం. ఉగ్రదేవతలకు పసుపునీళ్లు, చల్ల పోసి శాంతింపజేయడం చాలా ఊళ్లలో ఉన్నదే. ఇక్కడ అది నిషిద్ధం. పక్కనే ఏరు పారుతున్నా అమ్మవారి మీద చుక్క నీరు పడనివ్వరు. పొడిబట్టతో తుడిచి కుంకుమ పెడతారు, అంతే. దానికి కారణంగా పెద్దలు చెప్పే కథ ఇది.

పూర్వం ఇక్కడ వంతెన లేదు. ఏరు దాటాలంటే పుట్టి ఒక్కటే గతి. వెదురుబద్దలను పెద్ద బుట్టలా అల్లి, దాని చుట్టూ ఎద్దుతోలు బిగించి కుట్టేవారు. అవతలి ఒడ్డున ఏటేటా జరిగే జాతర ముగిశాకే పాత తోలు విప్పి కొత్తది వేయాలని రేవు కట్టుబాటు. ఆ కాలంలో రేవుకు పెద్ద మద్దిలేటి. అతని పెదనాన్న కూతురు గిడ్డమ్మ భర్తను పోగొట్టుకుని, ఒక్కగానొక్క కూతురు ఓబులమ్మతో రేవు పక్కనే గుడిసె వేసుకుని ఉండేది.

ఒక ఏడు ఎండలు ముదిరి తోళ్లు పెళుసెక్కాయి. ఒడ్డున బోర్లించిన పుట్టిని గిడ్డమ్మ చేత్తో నొక్కి చూస్తే బొటనవేలు లోపలికి దిగబడింది. జాతర దగ్గరపడింది. ఊరి ఆడపిల్లలు ఆ పుట్టిలోనే ఏరు దాటాలి. వాళ్లలో ఓబులమ్మ కూడా ఉంది.

తోలు మార్చమని గిడ్డమ్మ మొదట మద్దిలేటికి నెమ్మదిగానే చెప్పింది.

"జాతర కానీలే అక్కా, అప్పుడు కుడదాం" అన్నాడు మద్దిలేటి.

"జాతరకు పోయేదే దాంట్లో గదరా! పోయినాక ఎవరికి కుడతావు, చేపలకా?"

రేవులో కూర్చున్నవాళ్లు నవ్వారు. "పుట్టికి గిడ్డక్క నోరే కప్పితే చాలులే, తోలెందుకు!" అన్నాడొకడు.

గిడ్డమ్మకు ఒళ్లు మండింది. గొంతు లేచింది, కొప్పు ఊడింది. ఆ ఊళ్లో ఆడది అలా అరిస్తే దానికి ఒకటే అర్థం. "అమ్మవారు పూనింది, చల్లార్చండి!" అని ముసలమ్మలు లేచారు. వేపమండలు వేసిన పసుపునీళ్లు బిందెలకొద్దీ ఆమె నెత్తిన కుమ్మరించి, దండాలు పెట్టి ఇంటికి పంపారు. ఆమె చెప్పిన మాట మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు.

మర్నాడు ఆమె మళ్లీ వెళ్లింది. మళ్లీ నీళ్లు పోశారు. ఆ మర్నాడు ఆమె నోరు తెరవకముందే బిందెలు సిద్ధంగా ఉన్నాయి. ఆ పూట చలికి పళ్లు టకటకలాడుతూ నిలబడిన గిడ్డమ్మలో ఏదో ఆరిపోయింది. "చూడండి, ఎంత నెమ్మదించిందో!" అని అందరూ మెచ్చుకున్నారు. నిజానికి ఆమెకూ హాయిగానే అనిపించింది. తన వేలు దిగింది పాత అతుకు దగ్గరేమో, ఇంతమందికి తెలియనిది తనకేం తెలుసు అనుకుంది.

జాతర మొదటి రోజున కూతురి తల తానే దువ్వి జడ వేసింది.

"పోవచ్చునామ్మా?" అని అడిగింది ఓబులమ్మ. తల్లి మూడు రోజులు ఎందుకు అరిచిందో ఆ పిల్లకు తెలుసు.

"పో తల్లీ. అందరూ పోతాండారు గదా."

ఏటి నడుమ తోలు చీలిపోయింది. ఈత వచ్చినవాళ్లు ఒడ్డు చేరారు. ఓబులమ్మకు ఈత రాదు.

గిడ్డమ్మ ఏడవలేదు. ఎండలో కూర్చున్నా ఆమెకు చలి తగ్గలేదు. అవతలి ఒడ్డున జాతర ఇంకా ముగియకముందే, ఒక వేకువన కునుకులో గుడిసె మూల ఒక స్త్రీ కనిపించింది. తడిసి ముద్దయి, వేపాకులు ఒంటికి అంటుకుని, గజగజ వణుకుతోంది.

"పూనకమని వాళ్లన్నారు, నువ్వూ నమ్మితివి. నేను నీ కోపాన్నే. పిల్లను కాపాడుకోమని చెప్పనీకి వచ్చినా. వచ్చినప్పుడల్లా నీళ్లు పోసిరి. ఏమైందని ఒక్కరన్నా అడిగినారా? ఏటి దిగువన ఉండా. రా."

గిడ్డమ్మ లేచి ఏటి వెంబడి నడిచింది. విరిగిన పుట్టి వెదుళ్లు ఒక నల్లరాతికి చిక్కుకుని ఉన్నాయి. చుట్టూ అలలు కొడుతున్నా ఆ రాయి పొడిగా ఉంది. తాకితే, జ్వరం వచ్చిన బిడ్డ నుదురులా వెచ్చగా ఉంది. దాన్ని పట్టుకున్నాక ఆమెకు కోపం తిరిగి వచ్చింది. కూతురు రాలేదు.

ఆమె అరుపులు విని ఊరు కదిలింది. అలవాటు కొద్దీ ఎవరో బిందె కూడా తెచ్చారు. మద్దిలేటి ఆ బిందెను లాక్కుని ఇసుకలో బోర్లించాడు. ఆమె ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఆలస్యమైందక్కా. ఏమైందో చెప్పు."

"ఇప్పుడా అడిగేది?" అంది గిడ్డమ్మ. అయినా చెప్పింది. వేలు దిగబడిన దగ్గర మొదలుపెట్టి పొద్దు వాలేదాకా చెప్పింది. ఎవరూ అడ్డు రాలేదు. ఆ తర్వాత మద్దిలేటి కత్తి తీసుకుని రేవులోని పుట్లన్నిటి తోళ్లూ కోసేశాడు. కట్టుబాటు ఏమైందని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ రాయినే ఒడ్డుకు చేర్చి ఉడుకులమ్మగా నిలిపారు. గిడ్డమ్మ బతికినన్నాళ్లూ పూజ చేసింది. ఆమె మనసు కుదుటపడిందని మాత్రం ఎవరూ చెప్పరు.

ఇప్పుడు మద్దిలేటి వంశంవారే పూజారులు. కోపంతో వచ్చినవారిని, కోడలైనా కూలి మనిషైనా పసిపిల్లైనా, శాంతించమని ఇక్కడ ఎవరూ అనకూడదు. పూజారి ఎదురుగా కూర్చుని చివరిదాకా వినాలి. విన్నాక వాళ్ల వెంట వెళ్లి, వాళ్లు చూపించినదాన్ని కళ్లతో చూసి రావాలి. అప్పటిదాకా హారతి ఉండదు. అమ్మవారిని కొలిస్తే కోపం పోతుందని ఇక్కడివారు చెప్పరు. ఆ కోపం దేనికోసం వచ్చిందో తెలుస్తుందని, అది కాపాడమన్నదాన్ని వేళ మించకుండా కాపాడుకోవచ్చని చెబుతారు.

ప్రతి మంగళవారం తెల్లవారగానే తలుపు తీసి, పూజారి రాతి ఎదుట మోకాళ్ల మీద కూర్చుంటాడు. మంత్రం కంటే ముందు అనే మాట ఒకటే.

"ఆలస్యమైంది తల్లీ. చెప్పు."