మెలకువ వచ్చేదాకా

పైడయ్య కుక్క చచ్చిపోయి నాలుగు నెలలైనా, ఎక్కడ పొరపాటు జరిగిందో విశాలాక్షికి అంతుపట్టలేదు.

గజపతినగరంలో ఆమె కొత్తగా పెట్టుకున్న పశువుల క్లినిక్కులో ఆ కుక్కకు చేసిందే మొదటి పెద్ద ఆపరేషన్. కుట్లు చక్కగా పడ్డాయి. గొంతులో గొట్టం తీసేసి, చేతులు కడుక్కుని, కాయితాలు రాసి వచ్చేసరికి కుక్క ఊపిరి ఆగిపోయింది. గొర్రెల కాపరి పైడయ్య వచ్చి దాని తల నిమిరాడు. "పదేళ్ళు నాతో తిరిగిందమ్మా" అన్నాడంతే. దాన్ని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆమె మత్తు సూది ముట్టలేదు. రోజూ క్లినిక్కు తెరిచేది, టీకాలు వేసేది. గుమ్మం దగ్గర గోళ్ళ చప్పుడు వినబడితే చాలు, పైడయ్య నల్లకుక్కే వచ్చిందేమోనని తలెత్తి చూసేది.

చివరికి భీమిలి బస్సెక్కింది. కాలేజీలో ఆమెకు శస్త్రచికిత్స నేర్పిన అప్పలాచారి గారు రిటైరయ్యాక అక్కడే ఓ రేకుల షెడ్డులో వైద్యం చేస్తున్నారు.

"ఎక్కడ తప్పానో చెప్పండి సార్" అంటూ కాయితం చాపింది. కుక్క బరువు, మందుల మోతాదు, ఇచ్చిన సమయం, అన్నీ ఉన్నాయందులో.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు.

"లెక్క సరిగ్గానే ఉంది" అని తిరిగి ఇచ్చేశారు. "చేతులు కడుక్కుని రా. నూకాలు కుక్కకి పొట్ట కింద గడ్డ తియ్యాలి."

చేపలమ్మే నూకాలు బయట మెట్టు మీద కూర్చుని ఉంది. రాత్రి నుంచి కుక్కకేమీ పెట్టలేదంది. తనకూ ముద్ద దిగలేదంది.

బెదురు తగ్గడానికి సూది ముందే పడింది. ఆచారి గారు ముంగాలి నరంలోకి పాలలాంటి తెల్లమందు కొద్దికొద్దిగా ఎక్కిస్తూ మధ్యమధ్య ఆగుతున్నారు. రెప్ప తాకుతున్నారు. దవడ వదులైందో లేదో చూస్తున్నారు.

"దీని బరువుకి ఎనిమిది మిల్లీలు పడుతుంది కదా సార్?"

"ఐదు మిల్లీలకే పడుకుందమ్మా."

సిరంజి పక్కన పెట్టేసి, ఊపిరికి గొట్టం వేసి, దాన్లోంచి మత్తు గాలి వదిలి, కత్తి ఆమె చేతికిచ్చారు. తను కుక్క తల దగ్గర నిలబడ్డారు. ఆమె గడ్డ చుట్టూ చర్మం కోసింది. గడ్డ మొత్తం ఊడి వచ్చింది. ఆఖరి కుట్టు వేసి, మత్తు ఆపి, ఊపిరి పీల్చుకుని, చేతి తొడుగులు విప్పింది.

ఆచారి గారు కుక్కను కింద పరిచిన దుప్పటి మీద పక్కకు పడుకోబెట్టారు. మెడ సాపు చేసి, నాలుక బయటికి లాగి, మరో దుప్పటి కప్పి, పక్కనే నేలమీద చతికిలబడ్డారు. అరచెయ్యి డొక్క మీద ఆనించారు.

బయట్నుంచి నూకాలు కేకేసింది. "అయిపోనాదా బాబూ?"

"లేదమ్మా" అన్నారాయన. "ఇంకా రాలేదు. దారిలో ఉంది."

చేతులు కడుక్కోవడానికి కుళాయి వైపు వెళ్తున్న విశాలాక్షి ఆగిపోయింది.

వెనక్కి వచ్చి ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది. ఆయన తన చెయ్యి తీసి ఆమెకు చోటిచ్చారు.

డొక్క పైకి లేచింది. కిందికి దిగింది. మళ్ళీ లేచేదాకా ఆమె తన ఊపిరి బిగబట్టింది. చెవులు చల్లగా ఉంటే దుప్పటి ఇంకాస్త పైకి లాగింది. రోడ్డు మీద ఆమె ఎక్కాల్సిన విజయనగరం బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఆమె కదల్లేదు.

ఎప్పటికో కుక్క గుటక వేసింది. మళ్ళీ వేసింది. ఇక గొట్టం తియ్యొచ్చన్నట్టు ఆచారి గారు ఆమె వైపు చూశారు. ఆమె మెల్లగా గొట్టం తీసింది. చెయ్యి మాత్రం డొక్క మీదే ఉంచింది.

ఇంకొంతసేపటికి కుక్క తలెత్తింది. తూలుతూ, మసక కళ్ళతో ఎవరికోసమో వెతికి, ఆమె తొడ మీద తల వాల్చింది.

విశాలాక్షి వంగి, దాని చెవిలో మెల్లగా పేరు పెట్టి పిలిచింది.

ఆ పేరు ఈ కుక్కది కాదు.