అయస్కాంతం ముందు అద్దం

1994 ఆగస్టు పద్దెనిమిది, గురువారం, మధ్యాహ్నం మూడుంబావు. విశాఖలో కొండమీది ప్రయోగశాలలో విరూపాక్షం చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. ముఖం మాత్రం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోతోంది.

ఏళ్ల తరబడి అతను ఒక లోహపు పొర కోసం తపస్సులాంటిది చేస్తున్నాడు. కంప్యూటరు డిస్కుల మీద అయస్కాంతంతో రాసిన గుర్తులను కాంతితో చదవాలి. పొర మీద పడి తిరిగొచ్చే కాంతి ఎంత మెలితిరిగితే చదవడం అంత సులువు. అతని పొర దగ్గర కాంతి ఎవరూ ఎరగనంత మెలితిరిగింది. ఆ మెలికను చూపే తెర మీది గీత విశాలమైన ఉచ్చులా చుట్టుకుంది.

సాయంత్రంలోగా వ్యాసం పంపితే డాక్టరేటు, దాని వెనకే బెంగుళూరులో ఉద్యోగం. గురువుగారి సంతకం ఒక్కటే తక్కువ.

ఆ గురువు అంబుజాక్షి గారు. ఆవిడ ఇంటి మేడమీద వాటాలోనే విరూపాక్షమూ, భార్య సుభాషిణీ కాపురం ఉంటున్నారు. దసరాకి ఆవిడ రిటైరవుతున్నారు. ఇలాంటి పొర ఒకటి ఉండి తీరుతుందని పడుచుతనంలోనే చెప్పి, పెద్దపెద్దవాళ్ల మధ్య నవ్వులపాలైన మనిషి.

"ఇప్పుడు ఎవరు నవ్వుతారో చూద్దాం మేడమ్," అన్నాడు విరూపాక్షం కలం అందిస్తూ. "మీ మాట నిలబెట్టాను."

ఆవిడ కలం అందుకోలేదు. గీతకేసి చాలాసేపు చూశారు. చూస్తూ చూస్తూ ఉండగా కళ్లు చెమర్చాయి. కొంగుతో ఒత్తుకుని, చేతిసంచిలోంచి బొట్టు దిద్దుకునే చిన్న అద్దం తీశారు.

"పొర తీసేసి ఇది పెట్టు."

విరూపాక్షానికి నవ్వొచ్చింది. "మీ బొట్టు అద్దానికి అయస్కాంతం సంగతేం తెలుసు మేడమ్? గీత కదలనైనా కదలదు."

"కదలకపోతే సంతకం పెట్టేస్తాను. పెట్టు నాయనా."

పెట్టాడు. కాంతి సరిగ్గా పడేలా చూసుకున్నాడు. అయస్కాంతానికి కరెంటు పెంచాడు, తగ్గించాడు, ఎదురు తిప్పాడు.

గీత మళ్లీ అదే ఉచ్చు చుట్టింది.

"వైరు వదులై ఉంటుంది," అని బిగించాడు. మళ్లీ కొలత తీశాడు. అదే గీత.

 ఆవిడ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చున్నారు.

విరూపాక్షం వంగి చూస్తే అప్పుడు కనబడింది. పొరను పట్టి ఉంచే ఇత్తడి క్లిప్పు జారిపోతోందని శివరాత్రి ముందు తనే తీసేసి, ఉక్కుది పెట్టాడు. కరెంటు పెంచినప్పుడల్లా అయస్కాంతం ఆ ఉక్కును లాగుతోంది. క్లిప్పుతో పాటు అద్దం వెంట్రుకవాసి ఒరుగుతోంది. తెర మీద కనిపించినదంతా ఆ ఒరగడమే.

విరూపాక్షం ఆ క్లిప్పును వేలితో కదిపి చూశాడు.

"పొరలో కూడా కాస్తో కూస్తో ఉండొచ్చు కదా మేడమ్?"

"ఉండొచ్చు."

"అయితే ఇవాళ పంపేసి, తరవాత సరిదిద్దుకుంటే?"

ఆవిడ అతని ముఖంలోకి చూశారు. ఆ చూపుకి తన మాట తనకే ఎబ్బెట్టుగా తోచింది. అయినా ఊరుకోలేకపోయాడు.

"ఇన్నేళ్ల మాట మీది! గీత చూసి సంతకం పెట్టేస్తే అడిగేవాళ్లెవరు? ఎందుకు పెట్టించారు మేడమ్ ఆ అద్దం?"

అంబుజాక్షి గారు అద్దాన్ని క్లిప్పులోంచి మెల్లగా తీసి చేతిలో పట్టుకున్నారు.

"గీత చూడగానే నాకు ఏడుపొచ్చింది నాయనా. అందుకే పెట్టించాను."

విరూపాక్షం కలం జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు శ్రావణ శుక్రవారం. వెలుగు రాకముందే సుభాషిణి కిందికి దిగి వరలక్ష్మమ్మకు కలశం అమర్చింది. భర్త నోట సంగతంతా విన్నదే, అయినా ఉద్యోగం ఊసెత్తలేదు. అంబుజాక్షి గారు వ్రతకథ చదివారు. కథలంటే గుమ్మం దగ్గరే తప్పుకునే విరూపాక్షం ఆ రోజు అక్షింతలు పట్టుకుని చివరిదాకా కూర్చున్నాడు. సుభాషిణికి వాయనం ఇచ్చాక ఆవిడ అందరికీ పులిహోర వడ్డించారు.

"పండగ పూట కూడా ప్రయోగశాలకేనా అండీ?" అంది సుభాషిణి, ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే.

తోరం కట్టిన చేత్తోనే ఆవిడ గొడుగు అందుకున్నారు. అప్పటికే విరూపాక్షం గేటు తీసి పట్టుకుని నిలబడ్డాడు.