ఆకుతోటలో లేని మూట

అనగనగా, ఏటికి ఇవతలి గట్టున ఒక ఊరు. ఊరి చుట్టూ ఆకుతోటలు. ఆకుతోటంటే తెలుసుగా, తమలపాకుల తోట. కాళ్ళు ముడుచుకుని ఇటు తిరుగు. మోచెయ్యి నా డొక్కలో పొడవకుండా ఉంటే చెబుతా.

ఆ తోటలు నువ్వు చూళ్ళేదు. సన్నటి అవిసె చెట్లు వరసగా ఉంటాయి. వాటిని పట్టుకుని తీగలు పైకి పాకుతాయి. నడి ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉంటుంది. నిచ్చెన వేసుకుని ఆకు కోస్తారు. ఆ ఊళ్ళో తిండీ బట్టా, పెళ్ళీ పురుడూ అన్నీ ఆకు మీదే.

ఆ ఊరికో కట్టుబాటు ఉండేది. ఆకుతోటలో లక్ష్మి ఉంటుందని చెప్పులేసుకుని లోపలికి పోరు. అంతవరకూ అన్ని చోట్లా ఉన్నదే. వీళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. తోట మట్టి కాళ్ళకి అంటితే దారిలో ఎక్కడా కడుక్కోకూడదు, పొద్దుగూకి ఇంటికెళ్ళాకే కడుక్కోవాలి. దారిలో కడిగితే లక్ష్మిని కాలవలో వదిలేసినట్టేనట. పెద్దవాళ్ళు చెప్పారు, వీళ్ళు చేశారు.

ఆ ఊళ్ళో మల్లికాంబ అని ఒకావిడ ఉండేది. మెత్తటి మనిషి. మొగుడు బండి తోలుకుంటూ ఊళ్ళు తిరిగేవాడు, తోట పని అంతా ఆవిడదే. ఆవిడకి నాంచారి అని ఒక స్నేహితురాలు. నాంచారి వయసులో పెద్దది, అందుకని మల్లికాంబ ఆమెని అక్కా అనేది. నాంచారికి పిల్లల్లేరు. మొగుడు ఉలకడు, పలకడు. ఆయన మాటలు కూడా కలిపి ఆమే మాట్లాడేసేది. నోరు కాస్త కరుకు. మనసు మాత్రం వెన్న.

మల్లికాంబ కొత్తకోడలిగా వచ్చినప్పుడు మొదటి తీగముక్కలు ఇచ్చింది నాంచారే. ఆ తర్వాత మల్లికాంబ పురిటికి వెళితే ఆ తోటకి నీళ్ళు కట్టింది నాంచారే. కొడుకు పుడితే, ఊరంతా తిరిగి తన కొడుకే అన్నట్టు చెప్పుకొచ్చింది కూడా నాంచారే. అట్లాంటి స్నేహం వాళ్ళది.

ఒక ఏడు ముసురు పట్టింది. వదలని వాన. ఆకుతోటకి నీళ్ళు కావాలి గానీ నిలవ నీళ్ళు కూడదు. వాన పడగానే మురుగు కాలవ తీసెయ్యాలి. సరిగ్గా అప్పుడే మల్లికాంబ కొడుక్కి జ్వరం వచ్చింది. పిల్లాడి మంచం వదిలి ఎట్లా వెళుతుంది? రేపు తీద్దాంలే అనుకుంది. మళ్ళీ రేపు అనుకుంది. పిల్లాడు లేచి కూర్చుని గంజి అడిగే వేళకి తోటలో నీళ్ళు నిలిచి, తీగల మొదళ్ళు కుళ్ళాయి. ఆకులు పసుపెక్కి, వాడి, రాలిపోయాయి.

అప్పుడు ఊరంతా పరామర్శకి వచ్చింది. మంచి ఊరే మరి. ఒకరి కష్టానికి అందరూ వచ్చే ఊరు. తోటలోకి వెళ్ళారు, వాడిన తీగల్ని పట్టుకుని అయ్యో అన్నారు, అట్నుంచి అటే ఎవరి తోటలోకి వాళ్ళు పనికి పోయారు.

అందరూ వచ్చారు, నాంచారి ఇంటినుంచి మాత్రం ఎవరూ రాలేదు. ఆకు కోస్తూ నాంచారి నిచ్చెన మీంచి జారింది, మడమ బెణికి గుమ్మడికాయంత వాచింది. మొగుడు ఆమెని వదిలి కదల్లేదు. అటుగా పోతున్న మనిషి చేత కబురు పంపింది. ఆమె కబురు కూడా ఆమె నోరులాగే ఉంటుంది. "నా కాలు లేవదు. ముందు పోయి ఆ మురుగు కాలవ తీసుకోమను, ఏడుపు తర్వాత ఏడవచ్చు" అంది.

మాట మంచిదే. కానీ తగిలిన చోటు చూడు. కాలవ తియ్యలేదన్న సంగతి మల్లికాంబ ఎవరికీ చెప్పలేదు. మొగుడికి కూడా చెప్పలేదు. లోపల్లోపల తనని తనే కోసుకుంటోంది. సరిగ్గా ఆ పుండు మీదే వేలు పెట్టింది నాంచారి. మల్లికాంబకి చెప్పలేనంత కోపం వచ్చింది.

ఆ తర్వాత పక్క తోట వాడింది. ఆ పక్కదీ వాడింది. ఆ తర్వాత ఏటి వారనున్న తోటలు కూడా వాడిపోయాయి. వాళ్ళంతా కాలవలు తీసుకున్నవాళ్ళే. ఏ తప్పూ చెయ్యనివాళ్ళే. రోజూ పొద్దున్నే లేచి తోటకి పోయి, వాడిన తీగ చూసుకుని, ఎందుకిట్లా అయిందని ఒకరినొకరు అడుక్కునేవాళ్ళు. ఎవరికీ తెలియదు. తెలియదు అనే మాట నోట్లో పెట్టుకుని ఎన్నాళ్ళు తిరుగుతాడమ్మా మనిషి? వేపాకు నమిలినట్టే ఉంటుంది. ఎవరైనా బెల్లంముక్క ఇస్తే చాలని ఉంటుంది.

ఆ బెల్లంముక్క గవరయ్య ఇచ్చాడు. గవరయ్య చెడ్డవాడేం కాదు. కానీ అంతకు ముందు ఆయన మాట్లాడితే జనం ఆవలించేవాళ్ళు. ఒకరోజు రచ్చబండ దగ్గర అన్నాడు. "మా మేనత్త వాళ్ళ ఊళ్ళో కూడా ఇట్లాగే అయిందంట. ఎవరో తీగ మొదట్లో నల్లగుడ్డ మూట పాతిపెట్టారంట. మందు మూట. అది తీసేదాకా తోటలు ఎండుతూనే ఉన్నాయంట."

అంట, అంట, అంట. అన్నీ అంటలే. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అయినా ఆ రోజు ఎవరూ ఆవలించలేదు. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అన్నారు. గవరయ్య ఇంకా చెప్పాడు. పాపం, అంతమంది తన మొహంకేసి చూడటం ఆయనకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

అప్పుడొకాయన అడిగాడు, ఊళ్ళో వాడని తోట ఎవరిది అని. ఊరికి దూరంగా, మెరక మీద ఉన్న నాంచారి తోట ఒక్కటే పచ్చగా ఉంది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. పొద్దున్నే మంచు పడినా పొగలాగే ఉంటుందే, దానికి నిప్పెక్కడిది? ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

మల్లికాంబ ఆ మాటలన్నీ విన్నది. ముందు అక్క అట్లాంటిది కాదు అనుకుంది. ఆ తర్వాత ఇంకొకటి తట్టింది. ఎవరో మూట పెట్టారంటే, కాలవ తియ్యకపోవడం వల్ల కాదన్నమాట. తన తప్పు కాదన్నమాట. తోట పోయినప్పట్నుంచీ ముద్ద దిగని మనిషి ఆ రోజు కడుపునిండా తిని పడుకుంది.

చూశావా, ఆవిడకి నాంచారి మీద నమ్మకం పోలేదు. తన మీద తనకున్న కోపం భరించలేకపోయింది. నాకు ఆవిడ మీద కోపం కంటే జాలే ఎక్కువ. కోపమూ లేకపోలేదు.

మర్నాడు ఊరంతా గునపాలు పట్టుకుని మూట వెతకడానికి బయలుదేరింది. ముందు మల్లికాంబ తోటకే వెళ్ళారు. తీగ మొదళ్ళన్నీ తవ్వారు. ఒకచోట నల్లటి గుడ్డపీలిక దొరికింది. ఎప్పుడో ఎవరో తలకి చుట్టుకుని జారవిడుచుకున్నది, మట్టిలో నాని నల్లబడింది. అంతే, నాంచారే మూట విప్పేసి మందు చల్లి గుడ్డ ఇక్కడ పారేసిందన్నారు.

ఆ తర్వాత ఏటి వారనున్న తోటల్లోకి వెళ్ళారు. అక్కడ ఏమీ దొరకలేదు. దొరక్కపోతే లేదనుకోవాలి కదా? ఉహూ. మనం వస్తామని తెలిసి ముందే తీసేసింది, ఎంత జాణ అన్నారు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టే ఉంది వాళ్ళ వరస.

అప్పుడు నాంచారి తోటకి వెళ్ళారు. అందరూ చెప్పులు బయటే విడిచారు. కోపంలో కూడా లక్ష్మిని మరిచిపోలేదు మహానుభావులు. కాళ్ళకి మాత్రం అన్ని తోటల మట్టీ ఉంది. ముందు ఎవరు వెళతారని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎంతైనా నాంచారి నోరంటే భయం. మల్లికాంబ ముందు నడిచింది. ఆమె వెనక ఊరు నడిచింది.

నాంచారి కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడింది. అంత నోరున్న మనిషి ఒక్క మాట అనలేదు. పచ్చటి తీగల మొదళ్ళలో గునపాలు దిగుతుంటే చూస్తూ ఉండిపోయింది. మల్లికాంబ తల ఎత్తకుండా తవ్వింది. మూట లేదు. ఇంట్లో దాచి ఉంటుందని ఎవరో అన్నారు. అనుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నాంచారి తోట కూడా వాడింది. ఆకులు పసుపెక్కి, రాలి, అవిసె చెట్లు ఒట్టి కర్రల్లా మిగిలాయి. ఇప్పుడైనా ఊరికి తెలివి రావాలి కదా? ఆమెదీ పోయింది, పాపం ఆమె కాదనాలి కదా? అదేం కాదు. మనం అనుమానించకుండా తన తోటని తనే చంపుకుంది, ఎంత గుండె దిటవు చూడండి అన్నారు. ఇక ఆ మాటకి విరుగుడేది తల్లీ? పచ్చగా ఉన్నా తప్పే, ఎండినా తప్పే.

నాంచారీ మొగుడూ సామాను బండికెత్తుకుని, నాంచారి పెద్దక్కగారి ఊరు వెళ్ళిపోయారు. బండి మల్లికాంబ గుమ్మం ముందునుంచే పోయింది. మల్లికాంబ తలుపు తియ్యలేదు. తలుపు వెనకే నిలబడి ఉంది.

ఆ తర్వాత ఒకరోజు మల్లికాంబ ఆ ఖాళీ తోటలోకి వెళ్ళింది. ఎందుకెళ్ళిందో ఆమెకే తెలియదు. తోటంతా చచ్చిపోయింది గానీ, అవతలి మూల నాలుగు తీగలు ఇంకా పచ్చగా ఉన్నాయి. తవ్వుతూ తవ్వుతూ చీకటి పడిందని ఆ మూలకి ఎవరూ పోలేదు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. పూర్తిగా కుళ్ళి నేలకొరిగిన తీగలు తోట వాకిలి దగ్గరివి. అక్కణ్ణుంచి తాము నడిచిన దారి వెంటే కుళ్ళు లోపలికి వచ్చింది. మొదట అడుగు పెట్టింది తనే.

అప్పుడు అర్థమైంది. తెగులు మట్టిలో ఉంది. మట్టి కాళ్ళకి ఉంది. పరామర్శకి వచ్చినవాళ్ళు మోసుకుపోయారు, మూట కోసం వెతికినవాళ్ళు మోసుకొచ్చారు. నాంచారి కాలు బెణికి ఆ ఇంటివాళ్ళు పరామర్శకి రాలేదు గనకే ఆమె తోట అన్నాళ్ళు బతికింది. మల్లికాంబ అక్కడే కూలబడి ఏడ్చింది.

పరుగున పోయి ఊళ్ళో చెప్పింది. కాలవ తియ్యని సంగతి కూడా దాచకుండా చెప్పింది. జనం విన్నారు. విని, ఆమెకేసి జాలిగా చూశారు. గవరయ్య, "పాపం, నీక్కూడా మందు పెట్టిపోయిందమ్మా" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే బాధపడుతూ అన్నాడు.

అప్పుడు మల్లికాంబ నాంచారిని వెతుక్కుంటూ ఆ ఊరు వెళ్ళింది. నాంచారి వసారాలో కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. రా అనలేదు, పో అనలేదు. మల్లికాంబ గడపలోనే కూర్చుంది.

"అక్కా, కాలవ తియ్యనిది నేనే. ఆ సంగతి నాకు ముందునుంచీ తెలుసు" అంది.

"నీకు తెలుసని నాకూ తెలుసు" అంది నాంచారి. "అందుకే ఆ రోజు అడ్డం పడలేదు. తవ్వి తవ్వి అలిసిపోయి, ఒక్కసారి నా మొహంకేసి చూస్తావనుకున్నా. చూస్తే చాలనుకున్నా మల్లీ. నువ్వు చూళ్ళేదు."

మల్లికాంబ, "తిరిగి వచ్చెయ్యక్కా" అంది.

"ఎక్కడికే? నువ్వు మాట అన్నా మర్చిపోతా. ఊరందరికీ ఎదురుపడి నేను మూట పెట్టలేదని రోజూ చెప్పుకోలేను. లేని మూటని ఎట్లా చూపించను?" అంది.

మజ్జిగ ఇచ్చింది. వెళ్ళొస్తానంటే బొట్టు పెట్టింది. ఇంటికొచ్చిన ఆడపడుచుకి ఆకూ వక్కా చేతిలో పెట్టి పంపాలి కదా. డబ్బా తెరిచింది, వక్క తీసింది, ఇంకో చెయ్యి అలవాటుగా పక్కకి పోయి ఆగిపోయింది. ఇంట్లో ఆకు లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆకు కొనుక్కోవాల్సిన అవసరం రాని మనిషి ఆమె. ఒట్టి వక్క మల్లికాంబ చేతిలో పెట్టి, "ఏమీ అనుకోకు మల్లీ" అంది.

ఆ వక్క పట్టుకుని మల్లికాంబ దారంతా ఏడుస్తూ నడిచింది. ఇక ఆ ఇద్దరూ కలుసుకోలేదు. అంతే కథ.

ఏంటి, ఇంకా నిద్ర రాలేదా? ఏం అడుగుతున్నావు? మరి మూట పెట్టింది ఎవరూ అనా?

మూట లేదు తల్లీ. ఎవరూ పెట్టలేదు. వాన పడింది, కాలవ మూసుకుంది, కాళ్ళకి మట్టి అంటింది. అంతే.

కాదూ, ఎవరో పెట్టే ఉంటారంటావా? గవరయ్యే పెట్టి ఉంటాడంటావా?

హూఁ. నా ఒళ్ళో పడుకుని, నా నోటితో కథంతా విని, నువ్వూ ఒక మనిషిని పట్టుకున్నావు. నిన్ను అని ఏం లాభం. ఎవరూ లేరంటే నాకు మాత్రం మనసు ఒప్పుకుంటుందా? అయినా ఒప్పుకోవాలమ్మా. పడుకో.

తవ్వినవాళ్ళకి మూటా దొరకలే,
నమ్మినవాళ్ళకి తోటా మిగల్లే,
కథ నడిచింది కంచి దాకా,
కన్ను మూసుకో తెల్లారేదాకా.