మణికట్టమ్మ గుట్టమీద గుసగుస ఎందుకు కూడదు

ఈ కథలో ఒక్క ముక్క అబద్ధమని ఎవరికైనా తోస్తే, వారు ముందుగా గుట్ట మెట్లు మూడు వందల పన్నెండూ ఆగకుండా ఎక్కి, పైన నిలబడి ఆ మాట గొంతెత్తి చెప్పవచ్చును. అలా చెబుదామని ఎక్కినవారు చాలామందే ఉన్నారు. పైకి చేరాక చెప్పినవారు మాత్రం ఇంతవరకు ఒక్కరూ లేరు.

ఏనుగుల వాగుకు దక్షిణాన, ఎనిమిది పల్లెల నడుమ ఈ గుట్ట ఉన్నది. అమ్మవారికి ముఖం లేదు, కిరీటం లేదు, ఆయుధం అసలే లేదు. నల్లరాతిలో ఒక ఎడమచెయ్యి ఇంకొక కుడిచేతి మణికట్టును పట్టుకొని ఉంటుంది. అదే మూలవిరాట్టు. ఉలి తగిలిన గుర్తు వెంట్రుకవాసి కూడా కనబడదు. ఇక్కడ పూజారి మంత్రం గొంతులో గొణగరాదు. భక్తులు చెవిలో ఊదుకోరాదు. కొత్త దంపతులు సైతం తమ కోరికను పదిమందికీ వినబడేలా చెప్పుకోవలసిందే.

పూర్వం ఇక్కడ గుడి లేదు, మెట్లు లేవు. ఎనిమిది పల్లెలకూ కలిపి ఒకే ఒక మంత్రసాని ఉండేది. ఆమె పేరు ఓబుళమ్మ, మంగలివారి కోడలు. గడపలో కాలు పెట్టకముందే, వీధి అరుగు మీద కూర్చుని లోపలి బిడ్డ తల ఎటు ఉన్నదో చెప్పేది. ఒక శ్రావణమాసంలో నూట ఎనిమిది పురుళ్ళు పోసి, నూట తొమ్మిదోదానికి నడుస్తూ నడుస్తూనే నిద్రపోయిందని, అయినా దారి తప్పలేదని పెద్దలు చెబుతారు. అంతటి హస్తవాసి ఆమెది.

ఆ విద్య ఆమెకు అత్తగారు బాలవ్వ నుంచి వచ్చింది. బాలవ్వకు అప్పటికి నూట పద్నాలుగేళ్ళు, ఒక్క పన్నూ ఊడలేదు. ఆమె దీపం మీద చెయ్యి పెట్టించి కోడలి చేత ఒట్టు వేయించుకొన్నది. ఈ విద్య ఒక నోటి నుంచి ఒకే చెవికి పోవాలి, అది కూడా గుసగుసగా. రెండో చెవిలో పడిందా, చెప్పినవాళ్ళ హస్తవాసి ఆనాటితో సరి. మందు పేరు బయటపెడితే మందు పనిచేయదని నమ్మిన కాలం అది. ఓబుళమ్మ కూడా నమ్మింది. తన చెయ్యి పోతే ఎనిమిది పల్లెలూ ఏమవుతాయని భయపడి, ఇరవై ఏళ్ళపాటు నోరు కట్టుకొన్నది.

ఒక ఏడు వాగు పొంగింది. ఎంతగా అంటే, పాలెగాని ఏనుగులు ఏడు ఒక్క ఊపున కొట్టుకుపోయి మూడోనాటికి సముద్రంలో తేలినవి. ఎనిమిదోది ఈత నేర్చుకొని తిరిగివచ్చింది. వాగుకు ఆ పేరు అప్పటిదే. ఆ నీళ్ళలో ఓబుళమ్మ ఇవతలి గట్టున చిక్కుకొన్నది. అవతల, అన్నిటికీ చివరన, తోలుపని చేసేవారి పల్లె. అక్కడ ఎల్లి అనే ఆమెకు నొప్పులు వచ్చి, బిడ్డ క్షేమంగానే పుట్టింది. తల్లికి నెత్తురు ఆగక ప్రాణం పోయింది. నిజానికి, వాగు పొంగని ఏళ్ళలోనూ ఓబుళమ్మ ఆ పల్లెకు చివరగానే వెళ్ళేది. దారిలో ఏడు పల్లెలు ముందు పిలిచేవి.

నాలుగో రోజు నీళ్ళు తీయగానే ఎల్లి చెల్లెలు సుంకి వచ్చింది. ముగ్గురు బిడ్డల తల్లి ఆమె. ఏడవలేదు, తిట్టలేదు. అరుగుకు దూరంగా నిలబడి ఒక్కటే అడిగింది.

"నువ్వు రాలేకపోయినావు. అది సరే, వాగుతో ఎవురు కొట్లాడతారు. నేను మా అక్క పక్కనే కూసోని ఉంటిని గదమ్మా. రెండు చేతులూ ఖాళీగానే ఉండె. ఏం చేసుంటే నెత్తురు ఆగేది?"

ఓబుళమ్మకు జవాబు తెలుసు. పొత్తికడుపు మీద గట్టిగా రుద్దుతూ ఉండాలి, వెంటనే బిడ్డను రొమ్ముకు పట్టించాలి. అంతే. రెండు మాటలు. లోపలి నుంచి బాలవ్వ దగ్గింది. ఓబుళమ్మ నోరు మూసుకొన్నది.

"చెప్పవులే. అవ్వ దగ్గింది" అని సుంకి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఓబుళమ్మ గుట్టమీద పచ్చి వేర్లు తవ్వి, అలసి, ఈ రాతి పక్కనే కునుకు తీసింది. కలలో ఒక ఆడమనిషి కనబడింది. కొప్పు ముడివేసుకొని, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని, మోచేతుల దాకా తడిగా ఉన్నది. అమ్మవారని ఓబుళమ్మ గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది, ఎందుకంటే అమ్మవారు కూడా అప్పుడే ఏదో పురుడు పోసి వచ్చినట్టున్నది.

"ఏమే, నా చేతులు పడిపోతున్నాయి. ఎనిమిది పల్లెలు ఒకేసారి పిలుస్తాయి. పల్లెకు ఒకరిని తయారు చెయ్యి. గొంతెత్తి చెప్పు."

"నా హస్తవాసి పోతాది తల్లీ."

"పోతాది. ఒక చెయ్యి పోతాది, పదహారు చేతులు వస్తాయి. లెక్క రాదా నీకు?"

అని అమ్మవారు ఆమె మణికట్టు పట్టి లాగింది. ఓబుళమ్మ మేలుకొనేసరికి అక్కడ అయిదు వేళ్ళ వాతలు తేలి ఉన్నవి.

మరునాడే ఆమె పల్లెకు ఒకరిని గుట్టమీదికి రమ్మని దండోరా వేయించింది. ఎనిమిదిమంది వచ్చారు. సుంకి కూడా వచ్చి, అలవాటు ప్రకారం తన మీది గాలి ఎవరికీ సోకకుండా గాలి వాలున దూరంగా కూర్చున్నది. ఓబుళమ్మ కూడా అలవాటు ప్రకారమే ఆమెను అక్కడ కూర్చోనిచ్చింది. గొంతు ఎంత దూరమైనా పోతుంది కదా అనుకొన్నది. ఆ గొంతు రెండు ఆమడల దాకా వినబడి, పొలాల్లో దున్నేవాళ్ళు సిగ్గుపడి కాడి వదిలేశారని చెబుతారు.

ఎంత అరిచినా విద్య ఒంటబట్టలేదు. లోపల బిడ్డ అడ్డంగా ఉంటే ఎలా తెలుస్తుంది, ఎలా తిప్పాలి అన్నది చెవితో వచ్చేది కాదు, చేతికి రావాలి. అందరూ దిక్కులు చూస్తుంటే సుంకి లేచి వెళ్ళి, బావిలో నీళ్ళు తోడే కపిల తోలుతిత్తి ఒకటి తెచ్చింది. అందులో సొరకాయ బుర్ర తలగా గుడ్డబొమ్మను కుక్కి, మూతి బిగించి, నడుమ పెట్టింది. అచ్చంగా నిండు నెలల కడుపు.

కాపుల కోడలు చెయ్యి వెనక్కి తీసుకొన్నది. "తోలు ముట్టుకోమంటావా?"

"ఈ తిత్తి తోడిన నీళ్ళతోనే మీ వరి పండింది అక్కా" అన్నది సుంకి. "అన్నం తినేటప్పుడు లేని మైల ఇప్పుడు యాడినుంచి వచ్చె?"

అందరూ ఓబుళమ్మ వైపు చూశారు. ఆమె దూరంగా ఉన్న సుంకి చాపను తానే ఎత్తి తిత్తి పక్కన పరిచింది. తర్వాత ఒక్కొక్కరి మణికట్టు పట్టుకొని, ఇక్కడ తల, ఇక్కడ వీపు, ఇటు నెట్టు అంటూ నేర్పింది. కత్తిని నిప్పులో కాల్చనిదే బొడ్డు కోయవద్దన్నది. సుంకి అడిగిన రెండు మాటలూ మొదటిరోజే చెప్పింది. నలభై రోజులలో ఆ తిత్తి తొమ్మిది వేల సార్లు ప్రసవించింది.

నలభయ్యో నాడు ఓబుళమ్మ కుడిచెయ్యి మొద్దుబారి, కట్టెలా బిగుసుకుపోయింది.

"నేను చెప్పలా, ఓబులీ?" అన్నది బాలవ్వ.

వారం తిరక్కముందే ఓబుళమ్మ సొంత కోడలు పెద్దక్కకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉన్నది. అత్తగారికి చెయ్యి లేదు. వాగు మళ్ళీ పొంగింది, నేర్చినవారిలో ఏడుగురు పురుళ్ళకు పోయి అవతలే చిక్కుకొన్నారు. గుట్టకు తిత్తి కుట్టడానికి వచ్చిన సుంకి ఒక్కతే ఇవతల ఉన్నది. కబురందుకొని పరుగున వచ్చింది.

బాలవ్వ గడపకు అడ్డంగా పడుకొన్నది. "ఆ పల్లె మనిషి ఈ ఇంట్లోకి పోవాలంటే నన్ను దాటిపోవాల."

లోపల పెద్దక్క అరుపు అంతకంతకూ సన్నగిల్లుతున్నది. సుంకి వాకిట్లో చేతులు కడుక్కొంటూ, "రమ్మంటారో వద్దంటారో తేల్చండమ్మా. నొప్పులు మన పంచాయితీ కోసం ఆగవు" అన్నది.

ఓబుళమ్మ పనిచేసే ఎడమచేత్తో సుంకి కుడి మణికట్టు పట్టుకొన్నది. "అత్తా, నీ కాళ్ళకు తర్వాత మొక్కుకుంటా" అని, బాలవ్వ మీదుగా తాను దాటి, సుంకిని దాటించింది.

సుంకి పెద్దక్క కడుపు మీద చేతులు వేసింది. నొప్పికీ నొప్పికీ నడుమ నెట్టింది, ఆగింది, మళ్ళీ నెట్టింది. ఓబుళమ్మ పక్కన నిలబడి ఒక్కొక్క అడుగూ పైకి చెబుతూనే ఉన్నది. గుండిగలో నీళ్ళు తమంతట తామే మరిగాయంటారు. ఇంటి దూలాలు ఊపిరి బిగబట్టి గోడలు రెండంగుళాలు దగ్గరికి వచ్చాయంటారు. బిడ్డ తిరిగింది, తలతో బయటికి వచ్చింది. ఆడపిల్ల.

అప్పుడు నెత్తురు మొదలయింది. ఎల్లికి వచ్చినట్టే. ఓబుళమ్మ ఆ రెండు మాటలూ చెప్పడానికి నోరు తెరిచింది. సుంకికి మాటతో పని లేకపోయింది. బిడ్డను రొమ్ముకు పట్టించి, పొత్తికడుపు మీద చెయ్యి వేసి రుద్దుతూ కూర్చున్నది. ఎంతసేపు రుద్దిందో ఎవరికీ తెలియదు. చెయ్యి మార్చుకోమన్నా మార్చుకోలేదు. నెత్తురు ఆగింది. పెద్దక్క బ్రతికింది. సుంకి అప్పుడు ఏడ్చింది, అక్క కోసం.

ఓబుళమ్మ చెయ్యి తిరిగి వచ్చిందా అని యాత్రికులు అడుగుతారు. రాలేదు. ఆమె మరో అరవై ఏళ్ళు బ్రతికి, ఎడమచేత్తోనే వెయ్యిన్నీ అరవై నలుగురికి నేర్పింది. నిజానికి, అందులో మొదటి మూడు వందలమందిని కూర్చోబెట్టి నేర్పినది సుంకే. ఓబుళమ్మ పోయిన నాడు గుట్టెక్కినవారికి, ఆ రాతిమీద ఇప్పుడు మీరు చూసే చేతులు కనబడ్డాయి.

నేటికీ ఈ చుట్టుపక్కల కొత్తగా శిక్షణ పొందిన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, నర్సులు ఉద్యోగంలో చేరేముందు గుట్టెక్కుతారు. అనుభవమున్న ఒకరు వారి మణికట్టు పట్టుకోగా, నేర్చినదంతా సన్నిధిలో పైకి అప్పజెబుతారు. తడబడితే ఏ దోషమూ లేదు, మళ్ళీ నేర్పుతారు. తోలుతిత్తిని ఏటా కొత్తగా కుట్టి సమర్పిస్తారు. తీర్థం ఇచ్చేటప్పుడు పూజారి గోత్రం అడగడు, "ఎంత దూరం నుంచి వచ్చినావు?" అని అడుగుతాడు. అందరికన్నా దూరపు పల్లె మనిషికి తొలి తీర్థం. ఈ నియమం పాటించినవారి ఇండ్లలో తల్లీబిడ్డా క్షేమంగా ఉంటారని, నేర్చినది దాచుకోనివారి చెయ్యి ఎన్నటికీ ఖాళీగా ఉండదని ఫలశ్రుతి.

ఆ పుట్టిన పిల్లకు ఏం పేరు పెట్టాలని బారసాలలో పెద్దలు తర్జనభర్జన పడుతుంటే, బాలవ్వే గడప దగ్గర నుంచి ఒక పేరు చెప్పింది. గట్టిగా, వీధి చివరిదాకా వినబడేటట్టు. ఆనాటి నుంచి ఆ మంగలివారింట తొలి ఆడబిడ్డకు ఆ పేరే. ఇప్పుడున్నామె తొమ్మిదో తరం, దిగువపల్లె ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేస్తున్నది. సందేహమున్నవారు వెళ్ళి అడగవచ్చును. సాక్షి పేరు: మంగలి సుంకులమ్మ.