అమ్మ పాట వినేవాళ్లు

నిస్సీ పాప్ పంక్ పాడేది. గిటారు హోరు, డ్రమ్ముల దడదడ, మధ్యలో ఎవరైనా ఇట్టే అందుకోగల వరస. ఆమె వెనుక ఏ కంపెనీ లేదు. పాటలు తనే కట్టుకునేది. విశాఖపట్నంలో చిన్న చిన్న హాళ్లు తనే మాట్లాడుకుని, పోస్టర్లు తనే అంటించేది.

జనం వచ్చేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు. అయినా స్టేజి దిగగానే ఆమెకు ఏడుపొచ్చేది.

ఒక మధ్యాహ్నం వన్‌టౌన్‌లో ఉండే జిలానీ సాహెబ్ ఇంటికి వెళ్లింది. ఆయన ఒకప్పుడు దర్గాల్లో ఖవ్వాలీ పాడేవారు. చిన్నప్పుడు ఆమెకు శ్రుతి పట్టడం నేర్పింది ఆయనే.

"ఉస్తాద్, ఈ ఆదివారంతో పాడటం మానేస్తాను."

ఆయన హార్మోనియం తుడుచుకుంటున్నారు. "ఎందుకు బేటీ?"

"అరుస్తాను, ఎగురుతాను, గొంతు బొంగురుపోయేదాకా పాడతాను. గోడకు చెప్పుకున్నట్టుంటుంది. ఒక్కరైనా నాతో ఉన్నారనిపిస్తే చాలు. అనిపించదు."

"ఏ పాటప్పుడు మరీ అట్లా ఉంటుంది?"



"అమ్మ పాటప్పుడు."

వాళ్లమ్మ కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తోంది. నిస్సీ బడికి వెళ్లే రోజుల్లోనే వెళ్లిపోయింది. అప్పుడప్పుడూ వస్తుంది. వచ్చినా చుట్టంలా నాలుగు రోజులుండి, పెట్టె సర్దుకుంటుంది. ఆ బెంగతో కట్టిన పాట అది.

జిలానీ సాహెబ్ హార్మోనియం మూసి పక్కన పెట్టారు. టీ ఇచ్చి పంపేశారు.

ఆదివారం సాయంత్రం చేతికర్ర ఊతంతో ఆయనే హాలుకు వచ్చారు. కుర్రకారు పక్కకు జరిగి ఆయనకు కుర్చీ వేశారు. ఆ సంగతి నిస్సీకి తెలియదు. ఎప్పటిలాగే స్టేజి ముందున్న పెద్ద లైటు తిన్నగా ఆమె కళ్లలోకి కొడుతోంది. అవతలంతా చీకటి. ఆ చీకట్లోకి పాట తర్వాత పాట విసురుతూ పోయింది.

అమ్మ పాట మొదలైంది.

జిలానీ సాహెబ్ లేచారు. మెల్లగా లైటు దగ్గరికి నడిచారు. భుజం మీది తువ్వాలు చేతికి చుట్టుకుని, కాలిపోతున్న ఆ లైటును పట్టుకుని జనం వైపు తిప్పేశారు.

నిస్సీకి మొదటిసారి మొహాలు కనిపించాయి.

ముందు వరసలో మందులషాపు పేరున్న చొక్కా వేసుకున్నతను కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. అతని వెనుక ఒకమ్మాయి ఫోను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. ఫోనులో ఒకావిడ, ఎక్కడో ఏ దేశంలోనో వంటింట్లో నిలబడి, తల వంచి వింటోంది. చేతిలో తోమాల్సిన గిన్నె అలాగే ఉంది.

నిస్సీ పాడటం ఆపేసింది. చేయి గిటారు మీద ఆగిపోయింది. డ్రమ్ములూ ఆగాయి.

అప్పుడు ఆ అమ్మాయి సన్నటి గొంతుతో ఆగినచోట అందుకుంది.

"ఫోను పెట్టేయకే అమ్మా, ఇంకో మాట ఉంది..."

హాలంతా ఆమెతో కలిసింది. ఒక్కో గొంతు ఒక్కో శ్రుతిలో ఉంది. పాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా అందరికీ వచ్చు. నిస్సీ స్టేజి అంచున కూర్చుండిపోయింది. తన పాటను తను పాడకుండా వినడం ఆమెకదే మొదలు. చివరి చరణానికి వాళ్లతో గొంతు కలిపింది, అరవకుండా, పక్కనున్న మనిషికి చెప్పినట్టుగా.

పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆమె కిందికి దిగి జిలానీ సాహెబ్ చేయి పట్టుకుంది.

"ఇన్నాళ్లూ వీళ్లంతా ఎక్కడున్నారు ఉస్తాద్?"

"ఇక్కడే ఉన్నారు బేటీ," అన్నారాయన. "నువ్వెప్పుడొస్తావా అని చూస్తున్నారు."