ఓబులేసు వెతికిన స్క్రేపరు

అనగనగా ఒక ఊళ్ళో రాజుండేవాడని చెబుతాననుకున్నావా బంగారూ, లేడు. సర్పంచి ఉండేవాడు. ఆయన ఏ రాజుకన్నా ఆలస్యంగా నిద్రలేచేవాడు, అందుకని ఆయన సంగతి తర్వాత. ఆ ఊరు చింతరాజుపల్లె. అక్కడ ఓబులేసు అని ఒక ముసలాయన ఉండేవాడు.

ఓబులేసు వయసులో ఉన్నప్పుడు డ్యాము పనిలో స్క్రేపరు తోలాడు. స్క్రేపరంటే ముందు ఇంజను, వెనక ఇల్లంత ఇనప గిన్నె. గిన్నె అంచుకి కత్తి. అది నేల మీద పోతూ పోతూ, మీ అమ్మ కొబ్బరి కోరినట్టు మట్టిని కోరి కడుపులో నింపుకుంటుంది. అప్పుడు కట్ట మీదికి పోతుంది. ఆ తర్వాత ఆ మట్టిని దోసెపిండిలా పలచగా పరిచి, మళ్ళీ కొండకి పోతుంది. పదకొండేళ్ళు ఓబులేసు ఆ బండి మీద కూర్చుని ఊగాడు. నడుము ఒక పక్కకి పోయింది. ఆయన ఎదురొస్తుంటే ఎటు తప్పుకోవాలో ఎవరికీ తెలిసేది కాదు.

మట్టి ఎక్కడ పొయ్యాలో చూపించడానికి కట్ట మీద జెండా పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. ఆ మనిషి నాగరత్తమ్మ. ఒకసారి ఓబులేసు ఆమె చూపించిన చోటికి జానెడు ఇవతల పోశాడు. ఆమె మేస్త్రీల ముందు, కూలీల ముందు, ఇంజనీరు ముందు తిట్టింది. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ పెళ్ళయింది.

డ్యాము పని చివరి ఏడాది ఓబులేసు నడుము పట్టేసి ఆస్పత్రిలో పడ్డాడు. అప్పుడు ఆయన బండిని ఇంకెవరో ఏదో కొండకి తోలుకుపోయారు. అది తిరిగి రాలేదు. మిగతా బండ్లన్నీ వేలానికి పోయాయి. కొన్నవాళ్ళు వాటిని గ్యాసు మంటతో ముక్కలుగా కోసి తూకానికి అమ్ముకున్నారు. తన బండి కూడా కోతకి పోయేలోపు ఒక్కసారి కళ్ళారా చూడాలని ఓబులేసుకి కోరిక. చూస్తే చాలు, ఎంత దూరంనుంచైనా గుర్తుపడతాననేవాడు.

మొదటిసారి, రోడ్డు మీద లారీలో పసుపురంగు ఇనుము కనిపించింది. ఓబులేసు చెయ్యడ్డం పెట్టి లారీ ఆపాడు. తీరా చూస్తే అది బోరుబండి. టీకొట్టు రోశయ్య ఎంత నవ్వాడంటే, ఆ సంతోషంలో ఒకరికి టీ ఊరికే ఇచ్చాడు. ఊరు ఆ టీ గురించి కూడా ఒక నెల మాట్లాడుకుంది.

రెండోసారి, బస్సులో పోతుంటే ఎక్కడో చెట్ల సందున పెద్ద చక్రం కనిపించింది. ఓబులేసు బస్సు దిగి రెండు మైళ్ళు నడిచి వెళ్ళి దాన్ని కావిలించుకున్నాడు. అది తిరునాళ్ళ రంగులరాట్నం. అప్పటినుంచి చింతరాజుపల్లెలో ఎవరైనా మనిషిని చూసి ఇంకొకరనుకుంటే, ఓబులేసు చూపు అనేవాళ్ళు.

మూడోసారి ఓబులేసు వెతుక్కుంటూ పోలేదు. పాత ఇనుము కొనే శేషయ్య జీపేసుకుని ఇంటికొచ్చాడు. డ్యాము లెక్కలో మిగిలిపోయిన ఒక స్క్రేపరుని వేలంలో కొన్నాననీ, అది గొర్రెలకొండ మీద ఉందనీ, గుర్తుపట్టి చెప్పడానికి రావాలనీ అన్నాడు. ఓబులేసు చూపుని నమ్మినవాడు ప్రపంచంలో ఆయనొక్కడే. అప్పుడు ఓబులేసు, నాగరత్తమ్మ జీపెక్కారు. ముసలాయన మూడోసారి పప్పులో కాలెయ్యడం చూడాలని ఊరంతా ట్రాక్టర్ల మీద వెనకాల బయల్దేరింది. సర్పంచి కూడా లేచాడు.

కొండెక్కి చూసి అందరూ కొయ్యబారిపోయారు. అక్కడున్నది గుడి.

గుళ్ళో స్క్రేపరు. చక్రాలకి పసుపు, ఇంజనుకి చీర, లివర్లకి గాజులు. గిన్నెలో మిగిలిన మట్టిలో వేపమొక్క మొలిచి మానైంది. ఆ కొండ గొర్రెలకాపర్లకి తీగల మధ్య, పసుపు కుంకుమలతో ఏదో కనిపించిందట. పసుపు కుంకుమ ఉన్నాక అమ్మవారు గాక ఇంకేమిటన్నారట. ఇరవై రెండేళ్ళుగా ఇనపమ్మ అని కొలుస్తున్నారు. పూజారి బీరప్ప చేతులు జోడించి చెప్పాడు. ఎండాకాలం అమ్మకి నల్లటి చెమట పడుతుందట, అది రాస్తే గొర్రెల పుళ్ళు మానతాయట. ఓబులేసు బండి అడుగుకి వంగి చూశాడు. ఆ గేరుబాక్సు నూనె కారుతున్నందుకే ఆయన నాలుగేళ్ళు ఫోర్‌మన్ చేత తిట్లు తిన్నాడు.

జీపు వెనక గ్యాసు సిలిండర్లు ఉన్నాయి. వాటిని చూసి కొండ మీది ఆడవాళ్ళు ఇనపమ్మ చక్రాలకి అడ్డంగా కూర్చున్నారు. వేలం కాగితాలతో వచ్చిన తాసీల్దారు మధ్యలో నిలబడ్డాడు. బండికి నంబరు రేకు లేదనీ, కాగితంలో ఉన్న బండి ఇదేనని తోలినవాడు చెబితే కోసుకోవచ్చనీ, కాదంటే గుడి జోలికి పోవద్దనీ తేల్చాడు.

అప్పుడు ఓబులేసు చెప్పులు విడిచి బండి చుట్టూ తిరిగాడు. మొదటి చుట్టులో, గిన్నె పగిలితే దగ్గరుండి వేయించిన వెల్డింగు అతుకు కనిపించింది. రెండో చుట్టులో, తన అరచేతికి అరిగిపోయిన లివరు కనిపించింది. మూడో చుట్టులో ఇంజను ముందుకొచ్చి ఆగిపోయాడు. మూడు పసుపు గీతలు, నడుమ వంకర బొట్టు. దాని మీదే ఏటేటా వీళ్ళు దిద్దుతున్నారు. తాను ఆస్పత్రికి పోయేముందు దసరాకి, ఆయుధపూజ నాడు, ఆ బొట్టు పెట్టింది నాగరత్తమ్మ. ఆమె ఏ బొట్టూ నేరుగా పెట్టదు.

ఇన్నేళ్ళకి దొరికింది. ఊరంతా చూస్తోంది. ఔనంటే నవ్విన నోళ్ళన్నీ మూతపడతాయి. ఔనంటే సాయంత్రానికి అది ముక్కలవుతుంది.

"కాదు సార్. ఇది నా బండి కాదు" అన్నాడు ఓబులేసు.

ఎవరికీ నవ్వు రాలేదు. బోరుబండినీ రంగులరాట్నాన్నీ తనదన్న మనిషి, స్క్రేపరుని స్క్రేపరు ఎదురుగా నిలబడి కాదన్నాడు. రోశయ్య తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

శేషయ్య తెలివైనవాడు. ఓబులేసు తూర్పంటే నాగరత్తమ్మ పడమరంటుందని, ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ ఆయన మాటకి ఔనలేదని దారిలోనే కనిపెట్టాడు. ఆమెని అడగమన్నాడు. తొమ్మిదేళ్ళు జెండా పట్టుకుని బండికి ఎదురుగా నిలబడిన మనిషి గదా అన్నాడు.

తాసీల్దారు ఆమె వైపు తిరిగాడు. నాగరత్తమ్మ ఇంజను ముందు నిలబడి బొట్టుని చూసింది. మొగుణ్ణి చూసింది. కాళ్ళ దగ్గర కూర్చున్న ఆడవాళ్ళని చూసింది.

"ఆయప్ప చెప్పిందే నిజం" అంది.

సర్పంచి పూర్తిగా మేలుకున్నాడు. ఒక ట్రాక్టరు డ్రైవరు మళ్ళీ చెప్పమన్నాడు. ఓబులేసు చెయ్యి అలవాటుగా చక్రం మీదికి పోయింది, మళ్ళీ వెనక్కి తీసుకుని దండం పెట్టాడు.

శేషయ్య కోపంతో జీపు ఖాళీగా తోలుకుపోయాడు. ఊరివాళ్ళు ఈ వార్త తామే ముందు చెప్పాలని ట్రాక్టర్లు పరిగెత్తించారు, ముసలివాళ్ళని ఎక్కించుకోవడం మరిచిపోయారు. అప్పుడు ఇద్దరూ నడిచారు. చాలా దూరం పోయాక ఓబులేసు మెల్లగా అడిగాడు.

"నాకోసం అబద్ధం చెప్పినావా, నాగరత్తా?"

"అబద్ధమెందుకు? ఇరవై రెండేళ్ళు మొక్కినోళ్ళదే అది. నీ బండి కాదు. సరిగ్గానే చెప్పినావు, నడు."

ఓబులేసు దారి మధ్యలో నిలబడిపోయాడు. ఒకే రోజు, రెండుసార్లు ఔనంది.

మట్టేమో కట్టకి, మొక్కేమో గుట్టకి,
కథేమో కంచికి, కునుకేమో కంటికి.